అలసటను కొలుచు పట్టీ

(వేసవి ప్రారంభమున, మిరప కోతలు సాగుచుండగా, ఒక గ్రామ పంచాయతీ ఆవరణములో రైతులు, రైతుకూలీలు సమావేశమైనపుడు చేసిన ప్రసంగపాఠము)



సమాచారశాఖవారు వచ్చిరనగానే ఏదియో క్రొత్త పథకమును ప్రకటింతురనియు, దరఖాస్తు కాగితములు పంచెదరనియు అనుకొనుట సహజము. వెనుక వరుసలోని మిత్రులొకరు ఇంతకుముందే మమ్ములను ఆ మాట అడిగిరి. నేడు మా సంచిలో పథకము లేదు, దరఖాస్తులును లేవు. ఉన్నదల్లా ఒక చేతిగడియారము, అర్ధరూపాయి బిళ్ళంత చిన్న బ్యాటరీ ఒకటి. ఈ రెండింటిని చేతబట్టుకొని మనిషి అలసటను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని వచ్చితిమి.

మీలో అరక దున్నినవారు పలువురున్నారు. ట్రాక్టర్లు వచ్చిన పిమ్మట ఎడ్లు తగ్గినవి గాని ఆ అనుభవము మరచిపోవునది కాదు. ఎద్దు అలసినదని రైతునకు ఎట్లు తెలియును? నోట నురుగు కట్టును. డొక్కలు ఎగసిపడును. చాలు చివర మలుపు తిరుగునపుడు కాలు తడబడును. ఆ గుర్తు కనబడిన వెంటనే మంచి రైతు కాడి దింపి, ఎద్దును నీడకు తోలి, నీరు చూపును. ఎద్దునకు నోరు లేదు. అయినను దాని అలసటను కనిపెట్టువాడు ఒకడున్నాడు. మనిషికి నోరున్నది. అయినను మిట్టమధ్యాహ్నము బస్తాలు మోయు హమాలీ తాను అలసితినని చెప్పడు. చెప్పినచో బస్తాల లెక్క తగ్గును, లెక్క తగ్గినచో కూలి తగ్గును. ప్రక్కవాడు మోయుచుండగా తాను కూర్చుండుట నామోషీ. కాళ్ళు తేలిపోవువరకు మోయును. పడిపోయిన తరువాతగాని అతడు అలసినట్లు ముఠాలో మరి యెవ్వరికిని తెలియదు.

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లోనే వేయిమందికి పైగా మరణించిరి. తెలంగాణలో వందలమంది పోయిరి. వారిలో వృద్ధులున్నారు, ఇల్లు లేనివారున్నారు, ఎండలో పనిచేయువారున్నారు. ఎండ ఎంత కాసినదో వాతావరణశాఖవారు డిగ్రీలలో చెప్పగలిగిరి. ఆ ఎండలో పనిచేయువాని దేహము ఎంతవరకు ఓర్చినది, ఏ నిమిషమున ఓర్పు తప్పినది అను లెక్క మాత్రము ఎవ్వరియొద్దను లేకపోయినది. అట్టి లెక్కను వ్రాయు పరికరములు ఇపుడు పుట్టినవి. అవి ఒంటిపై ధరించునవి. వాటిని గూర్చియే మా ప్రసంగము.

ముందుగా అలసట యననేమో కొంచెము చూతము. మన కండరములు పనిచేయునపుడు మనము తిన్న ఆహారపు శక్తిలో నాలుగింట ఒక వంతు మాత్రమే, కొన్ని పనులలో అంతకన్నను తక్కువ, పనిగా మారును. మిగిలిన మూడు వంతులును వేడియై దేహములోనే పుట్టును. ఈ వేడి బయటకు పోవలెను. అందుకు గుండె రక్తమును చర్మము దగ్గరకు పంపును, చెమట పోయును, ఆ చెమట ఆరిపోవునపుడు వేడిని తీసికొని పోవును. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరినచో సుమారు 580 కిలో కెలోరీల వేడి పోవును. ఇందులో ఒక చిక్కున్నది. చెమట ఆరినపుడే చలువ గాని, కారి నేల రాలినపుడు కాదు. కనుకనే కోనసీమ ఉక్కపోతలో తక్కువ ఎండయైనను మనిషి త్వరగా సొమ్మసిల్లును. అనంతపురము పొడిగాలిలో ఎక్కువ ఎండయైనను కొంత తట్టుకొనును. 1957లో అమెరికాలో సైనికుల శిక్షణ శిబిరముల కొరకు యాగ్లూ, మినార్డ్ అనువారలు ఎండతీవ్రతను కొలుచు పద్ధతి నొకదానిని ప్రచురించిరి. అందు తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకమునకు పదింట ఏడు పాళ్ళ విలువ నిచ్చిరి. మామూలు ఉష్ణమాపకమునకు దక్కినది ఒక పాలే. గాలిలో తేమ అంత ముఖ్యమన్నమాట.

ఇపుడు గుండె సంగతి చూడుడు. పనిచేయు కండరములకు రక్తము పంపవలెను, చర్మమునకును పంపవలెను. ఒకే కాలువనుండి రెండు ఆయకట్టులకు నీరీయవలసివచ్చిన లస్కరు వలె అది రెండువైపుల పరుగెత్తును. చెమట పోయినకొలది రక్తములోని నీరే తగ్గును. నీరు తగ్గిన కాలువతో రెండు ఆయకట్టులను తడుపుటకు గుండె మరింత త్వరగా కొట్టుకొనవలెను. ఉదయము ఏడుగంటలకు ఏ బస్తా మోసినపుడు నిమిషమునకు నూరుసార్లు కొట్టుకొన్న గుండె, అదే బస్తాను పదకొండు గంటలకు మోసినపుడు నూట ముప్పదిసార్లు కొట్టుకొనవచ్చును. బస్తా బరువు మారలేదు. మనిషి మారినాడు. కావున దేహశ్రమను తెలిసికొనుటకు గుండె వేగము నమ్మకమైన గుర్తులలో ఒకటి.

అలసటను కొలువవచ్చునను తలంపు క్రొత్తది కాదు. ఇటలీ దేశములోని ట్యూరిన్ నగరమున ఆంజెలో మొస్సో అను శాస్త్రజ్ఞుడుండెను. చేతిని బల్లకు కట్టి, ఒక్క వ్రేలితో బరువును పదేపదే ఎత్తించి, ప్రతి ఎత్తును కాగితముపై గీతగా గీయించు యంత్రమును ఆయన నిర్మించెను. వ్రేలు అలసినకొలది గీతలు పొట్టివగును. చివరకు వ్రేలు కదలదు. 1891లో ఆయన అలసటపై ఒక గ్రంథమును ప్రచురించెను. ఆయన సహచరుడు మజ్జోరా చేసిన ప్రయోగమొకటి అందు గలదు. ముప్పదిసార్లు బరువెత్తి వ్రేలు పూర్తిగా సొమ్మసిల్లినచో తిరిగి మొదటి బలము వచ్చుటకు రెండు గంటల విశ్రాంతి కావలసివచ్చెను. పదునైదుసార్లు మాత్రమే ఎత్తి ఆపివేసినచో? పని సగము గనుక విశ్రాంతియు సగము, అనగా ఒక గంట కావలెనని మనము అనుకొందుము. కాదు, అరగంట చాలెను. పని సగము, విశ్రాంతి నాలుగవ వంతు!

ఈ లెక్కను మీరు మనస్సులో ఉంచుకొనవలెనని మా ప్రార్థన. మేము దీనిని మొదట చదివినపుడు రెండు పర్యాయములు చూచుకొంటిమి. పూర్తిగా అలసినవానికి విశ్రాంతి ఇచ్చుట ఆలస్యమైన పని. సగము అలసినపుడు ఇచ్చిన విశ్రాంతి తక్కువ సమయములో ఎక్కువ ఫలితము నిచ్చును. చిక్కేమనగా, సగము అలసట బయటకు కనబడదు. పదునైదవ ఎత్తు దగ్గర మనిషి నవ్వుచునే యుండును, పాట పాడుచునే యుండును. ఆ పదునైదవ ఎత్తును పట్టి చూపగల సాక్షి కావలెను.

ఆ సాక్షికోసము శాస్త్రజ్ఞులు పడిన పాట్లు అన్నియిన్ని కావు. గుండె విద్యుత్తును కాగితముపై గీయు యంత్రమును నిర్మించిన హాలెండు దేశపు ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమానము లభించెను. ఆయన యంత్రము గది నిండ పట్టునది. రోగి దానివద్దకు పోవలసినదే గాని అది రోగివద్దకు రాదు. 1940ల చివర అమెరికాలోని మాంటానా రాష్ట్రమున నార్మన్ హోల్టర్ అనునాయన పని చేయుచున్న మనిషి గుండెను రేడియోద్వారా వినవలెనని సంకల్పించి, యంత్రమును వీపునకు కట్టుకొని సైకిలు త్రొక్కెను. ఆ యంత్రము బరువెంత అనుకొనుచున్నారు? 85 పౌనులు, అనగా సుమారు 38 కిలోలు! మన హమాలీ వీపున ఒక బస్తా చాలదని అలసటను కొలుచుటకు ఇంకొక బస్తా ఎక్కించినట్లు. అయినను ఆ మూట నేటి పట్టీలకు ముత్తాత. 1982 నాటికి ఫిన్లాండు దేశపు పోలార్ కంపెనీవారు ఛాతీకి ఒక పట్టీ, మణికట్టుకు ఒక గడియారము, మధ్య తీగ లేకుండ గుండెవేగమును చూపు సామగ్రిని క్రీడాకారులకు అమ్మిరి.

కోవిడ్ కాలములో వ్రేలికి తొడిగిన ఆక్సీమీటరు మీలో చాలమంది ఎరిగినదే. వెలుతురును వ్రేలి గుండ పంపి రక్తమును చదువు ఆ ఉపాయమును 1970లలో జపాను ఇంజనీరు తకువో అవోయాగి కనుగొనెను. మణికట్టు గడియారముల వెనుక మెరయు పచ్చని దీపమునకును ఇదే మూలము. గుండె కొట్టుకొనినపుడెల్ల మణికట్టులో రక్తము ఒక్క క్షణము పెరుగును. పచ్చని వెలుతురును అంతమేరకు అది మ్రింగివేయును. తిరిగివచ్చిన వెలుతురు తగ్గుటనుబట్టి గడియారము నాడిని లెక్కించును.

ఇట్లు పసిగట్టు పరికరములను సెన్సారులందురు. అలసటను తెలిసికొనుటకు ఒక్క సెన్సారు చాలదు. గుండె వేగము శ్రమవలన పెరుగును. భయమువలనను పెరుగును, జ్వరమువలనను పెరుగును, కోపమువలనను పెరుగును. పాముపిల్లను చూచి గుండె దడదడలాడినచో ఆ మనిషి అలసినాడని పట్టీ చెప్పినచో నవ్వులపాలగును. కావున కదలికను పసిగట్టు సెన్సారు ఒకటి తోడు ఉండవలెను. ఫోనును అడ్డముగా తిప్పినపుడు బొమ్మను తిప్పునది అదియే. మనిషి కదలక కూర్చున్నాడు, అయినను గుండె వేగము తగ్గలేదు అని రెండును కలిసి చెప్పినచో అది వినదగిన సాక్ష్యము. చర్మపు వేడిని చూచునది మరియొకటి. నడుముమీదనో భుజముమీదనో అంటించి కండరముల విద్యుత్తును వినునది ఇంకొకటి. అలసిన కండరము పంపు తరంగములు మందగించును. అది చెవికి వినబడదు గాని సెన్సారునకు తెలియును. కొడవలి ఆడించు చేతికి గడియారము కట్టినచో ఊపులకు అది నాడిని తప్పు చదువును. అట్టి పనికి ఛాతీపట్టీయే మేలు. ఆక్సీమీటరులు నల్లని చర్మముగలవారికి ప్రాణవాయువును ఉన్నదానికన్న ఎక్కువగా చూపు సందర్భములు అధికమని 2020లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. చలిదేశములలో తెల్లనివారిపై సరిచూచిన పరికరమును తెచ్చి మన కూలీల చేతికి కట్టుటకు ముందు, మన ఎండలో, మన ఒంటిరంగుపై సరిచూడవలెనని మేము గట్టిగా తలచుచున్నాము.

ఛాతీకొకటి, మణికట్టునకొకటి, నడుమునకొకటి చొప్పున కట్టిన ఈ సెన్సారులు తమలో తాము మాట్లాడుకొనవలెను. అందులో ఒకటి పెద్దగా వ్యవహరించి, అందరి మాటలు విని, ఫోనునకో గట్టుమీది పెట్టెకో చేరవేయును. ఈ కూటమినే నెట్‌వర్కు అందురు. ఒంటిపై ధరించు పరికరములు మాటలాడుకొనుటకు ప్రత్యేక నియమావళిని ఐ.ఇ.ఇ.ఇ. అను ఇంజనీర్ల సంస్థ 2012లో ప్రచురించినది. తక్కువ విద్యుత్తుతో పనిచేయు బ్లూటూత్ పద్ధతి 2010లోనే వచ్చినది.

ఇపుడు ఈ బిళ్ళబ్యాటరీని చూడుడు. బరువు మూడు గ్రాములు. దీనిలో నిలువయుండు విద్యుత్తు సుమారు 220 మిల్లీ ఆంపియర్ గంటలు. ఇది మన గాదెలోని గింజలనుకొందము. సెన్సారు, రేడియో రెండును నిరంతరము మేలుకొనియుండి గంటకు పది గింజలు తినుచున్నచో 22 గంటలలో గాదె ఖాళీ. ప్రొద్దున కట్టిన పట్టీ మరునాటి ప్రొద్దునకు మూగపోవును. కూలికి పోవునది రోజునకొక బ్యాటరీ కొనగలదా? రాత్రి చార్జింగు పెట్టుట మరచినచో మరునాడు పట్టీ గూటిలోనే యుండును. వారము తిరుగకముందే అది పిల్లల ఆటవస్తువగును. పరికరము ఎంత తెలివైనదైనను విప్పి గూట పెట్టినచో తెలివి యేమి చేయును? అందుచేత పొదుపు ఈ విద్యలో ప్రాణము వంటిది.

పొదుపు ఎట్లు చేయుదురు? మొదటి ఉపాయము నిద్ర. సెన్సారు నూరు నిమిషములలో ఒక్క నిమిషము మేలుకొని, తక్కిన తొంబది తొమ్మిది నిమిషములు నిద్రించినచో అదే గాదె సుమారు 2,000 గంటలు, అనగా 80 దినములకు పైగా వచ్చును. ఒక కోతల కాలము గడచిపోవును. కాని ఇందులో అపాయమున్నది. అది నిద్రించుచున్నపుడే మనిషి కూలిపోయినచో? అందులకే తెలివిగల నిద్రను కల్పించిరి. వెనుకటి దినములలో చెరువుకట్టను కాచు నీరటిని తలంచుకొనుడు. చెరువులో నీరు అడుగంటినపుడు అతడు వారమునకొకమారు కట్ట తిరుగును. వాన పట్టి నీరు కలుజు దాకినపుడు లాంతరు చేతబట్టి రాత్రియెల్ల తిరుగును. పట్టీయు అంతే. నాడి నెమ్మదిగానున్నపుడు కొన్ని నిమిషములకొకమారు చూచును. నాడి పెరిగినకొలది తరచుగా చూచును. హద్దు దాటినపుడు రెప్పవాల్చదు. కదలికను పసిగట్టు సెన్సారు మిక్కిలి తక్కువ తినును గనుక దానిని మాత్రము మేలుకొలిపి యుంచి, అది లేపినపుడే తక్కినవి లేచునట్లు చేయుట మరియొక పద్ధతి.

రెండవ ఉపాయము మితభాషణము. గుండె విద్యుత్తును సెకనునకు 250 సార్లు కొలిచినచో నిమిషమునకు 15,000 అంకెలగును. అన్నింటిని రేడియోద్వారా పంపుట ఖర్చుతో కూడినది. ఇట్టి చిన్న పరికరములలో వినుటకన్న, లెక్కించుటకన్న మాటలాడుటకే ఎక్కువ విద్యుత్తు పట్టును. కావున పట్టీయే కూర్చుండి లెక్క చూచుకొని, పదునైదువేల అంకెలకు బదులు ‘నిమిషమునకు 118’ అని ఒక్క అంకె పంపును. ఆ 118 మారకున్నచో అదియు పంపదు. నీరటి ప్రతిదినము కరణమువద్దకు పోయి ‘కట్ట బాగుగనే యున్నది’ అని చెప్పడు గదా!

మూడవది వంతు. అందరును ఒక్కసారిగా మాటలాడినచో ఒకరి మాట ఒకరికి వినబడక మరల మరల చెప్పవలసివచ్చును. ప్రతి పునరుక్తియు గాదెలోని గింజయే. కాలువ నీటికి వంతులు పెట్టుకొన్నట్లు సెన్సారులకును వంతులు కేటాయింతురు. తనవంతు వచ్చువరకు ప్రతియొక్కటియు నిద్రించును. మన దేహమే ఇక్కడ ఒక అడ్డంకి. మనిషి ఒంటిలో సగమునకు మించి నీరే. బ్లూటూత్ వాడు రేడియో తరంగములను నీరు మ్రింగివేయును. వీపుపైని సెన్సారు చెప్పినది బొడ్డువద్దనున్న పెట్టెకు చాలమారులు వినబడదు. గొంతు పెంచి అరచుటకన్న భుజముపైనున్న దానిని మధ్యవర్తిగా పెట్టుకొని మెల్లగ చెప్పించుటయే చౌక.

ఒంటి వేడినుండియే విద్యుత్తును తీయరాదా అని మీకు తోచవచ్చును. ఊరకున్న మనిషియు పాతకాలపు నూరు వాట్ల దీపమంత వేడి నిచ్చుచున్నాడు. ఆ ప్రయత్నములును జరుగుచున్నవి. కాని ఆ విద్య చర్మపు వేడికిని గాలి వేడికిని గల తేడామీద ఆధారపడినది. మన వేసవిలో గాలి వేడి చర్మపు వేడితో సమానమగు వేళ తేడా యుండదు, విద్యుత్తును పుట్టదు. పట్టీ అవసరమగునది సరిగా ఆ వేళలకే! చలిదేశములలో పనికివచ్చు ఉపాయము మన రోహిణికార్తెలో చేతులెత్తవచ్చునని తెలిసికొనుటకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. మనకు ఎండ పుష్కలము గనుక సౌరఫలకముల దారియే దగ్గర దారి.

ఇక ఈ అంకెలను ఎట్లు చదువవలెను? 220 నుండి వయస్సును తీసివేసినచో గుండె పోగల గరిష్ఠవేగము వచ్చునని ఒక మోటు లెక్క గలదు. నలువదేండ్ల వానికి 180. ఇది గుంపునకు పనికివచ్చు లెక్క. ఒక మనిషికి పది పండ్రెండు అటునిటు ఉండవచ్చును. రక్తపుపోటునకు వాడు కొన్ని మందులు గుండెవేగమును అణచియుంచును. అట్టివాడు సొమ్మసిల్లుచున్నను అంకె చిన్నదిగనే కనబడును. రక్తహీనత గలవారికి ఇందుకు విరుద్ధము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నది. రక్తములో సత్తువ తక్కువైనపుడు అదే పనికి గుండె మరింత వేగముగ కొట్టుకొనును. పట్టీ ‘ఈమె త్వరగా అలసినది’ అని చెప్పును. ఈమెకు ఇనుపధాతువు మాత్రలు, మంచి తిండి, కొంత విశ్రాంతి కావలెనని దాని అర్థము. కాని దానినే ‘ఈమె పనికిరాదు’ అని చదువువారును ఉందురు.

ఇక్కడికి వచ్చునప్పటికి మాకు కొద్ది దినముల క్రిందట మరియొక గ్రామమున జరిగిన సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. ఈ మాటలే చెప్పుచుండగా మిరపకోతకు పోవు ముసలమ్మ ఒకామె లేచి, ‘అయ్యా, ఆ పట్టీ నాకు కడితే నేను అలిసిపోయానని ఎవరికి చెప్పుద్ది? నాకా, మేస్త్రికా?’ అని అడిగినది. సభలో నవ్వులు పుట్టినవి. మేము నవ్వలేకపోతిమి. ఆ దినమున మేము వ్రాసికొని తెచ్చిన కాగితములలో దానికి జవాబు లేకుండెను. ఆమె ప్రశ్న బ్యాటరీ ప్రశ్నకన్న పెద్దది.

మధ్య అమెరికాలోని నికరాగువా దేశమున చెరకు నరకు కూలీలకు పిన్నవయస్సుననే మూత్రపిండములు చెడిపోవుచుండుటచే, వారి ఛాతీలకు గుండెవేగపు పట్టీలు కట్టి శ్రమను కొలిచిన పరిశోధకులున్నారు. నీరు, విశ్రాంతి, నీడ అను మూడింటిని పనిస్థలమున కల్పింపవలెనని అచట ఉద్యమమే నడచుచున్నది. (మన ఉద్దానములోని మూత్రపిండవ్యాధికి కారణములు వేరుగా ఉండవచ్చును, దానిపై శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయము లేదు. ఆ రెండింటిని ఒకే గాటకు కట్టరాదు.) ఆ పట్టీలవలన కలిగిన ప్రయోజనమేమి? కూలీ చెప్పినపుడు సాకు అనిపించిన మాట అంకెగా కనబడునపుడు కాదనరానిదగును. అది మంచి వైపు. రెండవ వైపు గూడ చెప్పుట మా ధర్మము. అంకె యజమాని చేతిలో మాత్రమే ఉన్నచో, ‘నీ గుండె ఇంకను 110 మీదనే యున్నది, ఇంకొక మడి కోయుము’ అని చెప్పుటకును అది పనికివచ్చును. నెలాఖరున అంకెలు చూచి త్వరగా అలసినవారిని వచ్చే నెల పిలువకపోవుటకును పనికివచ్చును. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, మనిషి సమ్మతి లేనిదే అతని సమాచారమును వాడరాదను సూత్రమును పెట్టినది. ఉద్యోగ సంబంధమగు కొన్ని సందర్భములకు మాత్రము మినహాయింపు నిచ్చినది. ఆ మినహాయింపు చాటున మన ముసలమ్మ పట్టీ ఎటు మాటలాడునో మీరే ఊహించుడు.

మా అభిప్రాయమడిగినచో ఇది. పట్టీ మొదట కట్టుకొన్నదానికే చెప్పవలెను. చేతిపై చిన్న కంపనమో, ఎర్రని దీపమో చాలును. మేస్త్రికి చేరవలసిన మాట ‘ఈ ముఠాకు ఇపుడు విశ్రాంతి వేళ’ అని మాత్రమే. ఎవరి గుండె ఎంత అను పట్టిక కాదు. ఇది పొదుపునకును అనుకూలమే. ఒంటిమీదనే లెక్క పూర్తిచేసి, ఒక్క మాట మాత్రమే బయటకు పంపు పట్టీకి బ్యాటరీ ఎక్కువ దినములు వచ్చును, గుట్టును నిలుచును. ప్రభుత్వోద్యోగులమై యుండి యజమానుల విషయమున ఇట్లు మాటలాడవచ్చునా అని కొందరికి తోచవచ్చును. 2005 నాటి ఉపాధి హామీ చట్టములోనే పనిస్థలమున త్రాగునీరు, నీడ, విశ్రాంతి, ప్రథమచికిత్స పెట్టె ఉండవలెనని వ్రాసియుండెను. మేము క్రొత్తగా కోరినది ఏమియు లేదు.

పట్టీలు మన ఊరి సంతకు ఎపుడు వచ్చునో, ఏ ధరకు వచ్చునో వేచి కూర్చుండనక్కరలేదు. అవి చేయు పనిలో ముఖ్యమైన భాగమును రెండు వ్రేళ్ళు, ఒక గడియారము చేయగలవు. అమెరికాలో కర్మాగార కార్మికుల శ్రమను పరిశోధించిన లూసియన్ బ్రూహా అను వైద్యుని పద్ధతి యిది. 1960లో వెలువడిన ఆయన గ్రంథములో ఉన్నది. పని ఆపి కూర్చుండిన క్షణమునుండి గడియారము చూడవలెను. మొదటి అరనిమిషము విడిచి, రెండవ అరనిమిషము మణికట్టు నాడిని లెక్కించి రెట్టింపు చేయవలెను. ఇది మొదటి అంకె. తిరిగి రెండున్నర నిమిషములనుండి మూడు నిమిషములవరకు లెక్కించి రెట్టింపు చేయవలెను. ఇది రెండవ అంకె. మొదటిది 110 కి మించక, రెండవది దానికన్న కనీసము పది తగ్గినచో దేహము శ్రమను బాగుగనే ఓర్చుచున్నదని అర్థము. మూడవ నిమిషమున గూడ 90 గాని అంతకు మించి గాని యుండి, తగ్గుదల పదికన్న తక్కువైనచో ఆ పని, ఆ ఎండ ఆ మనిషికి మించినవి. విశ్రాంతి పెంచవలెను, నీరీయవలెను, బరువు తగ్గింపవలెను. జ్వరము, గుండెజబ్బు, నిండుచూలు గలవారు ఈ అంకెలను నమ్ముకొని పనికి దిగరాదు, వైద్యునే అడుగవలెను. అంకెలు బాగుగనున్నను తల తిరుగుచున్నదని చెప్పినవారిని కూర్చుండబెట్టవలసినదే. మాటలు తడబడి, ఒళ్ళు కాలిపోవుచున్నచో నాడి చూచుచు కూర్చుండరాదు. నీడకు చేర్చి, ఒళ్ళంతయు తడిపి, విసరుచు, 108 కి ఫోను చేయవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

స్వీడన్‌లో గున్నర్ బోర్గ్ అను శాస్త్రజ్ఞుడు ఇంతకన్నను చౌకయగు సాధనమును కల్పించెను. ‘ఎంత కష్టముగా నున్నది?’ అని మనిషినే అడిగి, 6 నుండి 20 వరకు ఒక అంకె చెప్పుమనెను. ఆరోగ్యవంతుడగు పడుచువాడు 13 అని చెప్పినచో అతని నాడి 130 ప్రాంతమున ఉండుట ఆయన చూచెను. ఈ సెన్సారునకు బ్యాటరీయే అక్కరలేదు. కాని అడిగినవాడు కూలి కోయనివాడై యుండవలెను. లేనిచో అందరును ఆరు అనియే చెప్పుదురు.

పొలమునుండి సరాసరి వచ్చినవారు ముందు వరుసలో పదిమంది వరకు ఉన్నారు. మా గడియారమును ఈ బల్లపై పెట్టుచున్నాము. పాఠశాల విద్యార్థులు ఇద్దరు లెక్క వ్రాయుటకు ముందుకు రావలెను. పెద్దలు బావినుండి ఆ రెండు బిందెల నీరు తోడి ఈ చెట్టుక్రింద పోసి, వెంటనే కూర్చుండి మణికట్టు చాపుడు. ఎవరి అంకె వారి చెవిలోనే చెప్పవలెనని పిల్లలకు ముందుగనే చెప్పియుంచితిమి.